బతికుండగానే పరామర్శ

మా తాతకి ఉన్నది ఒకటే జబ్బు. మనిషి పోకముందే పరామర్శకి వెళ్ళేవాడు.

లోకంలో అందరూ మనిషి పోయాక వెళ్తారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, రెండు మంచిమాటలు చెప్పి, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోతారు. మా తాతకి అంతవరకూ ఆగే ఓపిక లేదు. మనిషి నిక్షేపంగా తిరుగుతూ ఉండగానే ఆ ఇంటికి వెళ్ళి, ఆ మనిషి ఎదుటే కూర్చుని, ఆ మనిషి తెచ్చిచ్చిన మంచినీళ్ళే తాగి, వాళ్ళావిడని ఓదార్చి వచ్చేవాడు. దుఃఖంలో ఉన్న ఇంట్లో కుర్చీ అడగడం మర్యాద కాదని సైకిల్ వెనక సొంత స్టూలు కట్టుకుని మరీ వెళ్ళేవాడు.

వీధి మలుపులో ఆ స్టూలు నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి కనిపించిందంటే చాలు, వరసగా తలుపులు పడేవి. గాలివానకి కూడా జనం అంత చురుగ్గా తలుపులు వేసేవారు కాదు.

తాత సబ్బుల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఊరందరినీ శుభ్రం చేసే సరుకు తయారయ్యే చోటే అన్నిటికంటే మురికి పని ఉంటుంది, ఆ పని తాత గుంపుది. నూనె, కొవ్వు నిలవ ఉంచే ట్యాంకుల్లోకి దిగి, అడుగున పేరుకున్న మడ్డిని గీకి బయటికి తీయడం. మడ్డి మురికిదే కాదు, దొంగది కూడా. అది పులిసిందంటే ట్యాంకులోని గాలిని చడీచప్పుడు లేకుండా తినేస్తుంది. దిగినవాడికి నొప్పి ఉండదు, ఊపిరాడనట్టూ ఉండదు. నిద్రొచ్చినట్టు పక్కకి ఒరుగుతాడు, అంతే. పైనుంచి చూసినవాడు అయ్యో అని దూకితే, వాడూ పక్కనే ఒరుగుతాడు.

అందుకని ఒక పద్ధతి ఉంది. ముందు మూత తీసి ఫ్యాను పెట్టి లోపలికి మంచి గాలి కొట్టాలి. దిగేవాడు నడుముకి తాడు కట్టుకోవాలి. ఆ తాడు రెండో కొస పట్టుకుని పైన ఒక మనిషి నిలబడాలి. లోపలివాడు తూలితే వీడు లాగాలి. దూకకూడదు. పసిపిల్లకి చెప్పినా అర్థమవుతుంది. పెద్దవాళ్ళకే అర్థం కాదు.

వాళ్ళ బాధ వాళ్ళది. తాడు కట్టుకుంటే దూడలా ఉంటుందని నవ్వుతారు. తాడు కట్టుకుని మడ్డి గీకాలంటే అది కాళ్ళకి అడ్డం పడుతుంది. పైన నిలబడేవాడిది మరీ ఘోరం. పని చెయ్యకుండా నిలబడే పని వాడిది కాబట్టి, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ వాడిని సోమరి అంటారు. ఆ మాట పడలేక వాడు తాడుని పక్కనున్న బాల్చీకి కట్టేసి టీకి వెళ్ళిపోతాడు. మనిషి ప్రాణానికి బాల్చీ పూచీ అన్నమాట.

ఫ్యాక్టరీవాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. బొమ్మలు వేసిన పెద్ద బోర్డు గోడకి కొట్టారు, జనం ఆ మేకుకి చొక్కాలు తగిలించుకున్నారు. తలకి గట్టి టోపీలిచ్చారు, వాటిని బోర్లించి పీటల్లా కూర్చున్నారు. జాగ్రత్త మీద నినాదాల పోటీ పెడితే, గెలిచినవాడు బహుమతి అందుకోవడానికి తడి చేతులతో కరెంటు తీగ దాటుకుంటూ వేదికెక్కాడు. ఆ బహుమతి కూడా సబ్బుల పెట్టే. సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బు బహుమతి ఇస్తే ఎవడికి కావాలి?

తాత ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, “లాభం లేదు,” అనేవాడు. ఆ మాట ఆయనకి ఊపిరి లాంటిది. అన్నం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వాళ్ళని చూశాం గాని, చేతులు కాలకముందే ఆకులు పంచుతూ తిరిగి, ఎవరూ తీసుకోవడం లేదని ఏడ్చే మనిషిని మేం మా ఇంట్లోనే చూశాం.

ఎప్పుడు మొదలెట్టాడో సరిగా చెప్పలేను, నాకు లెక్కలు బళ్ళోనే రాలేదు. మొత్తానికి, మగాళ్ళకి చెప్పి లాభం లేదని తేల్చుకున్న తాత, ఇళ్ళమీద పడ్డాడు.

గుంపులో అందరికంటే మొండివాడు చేప. అది వాడి అసలు పేరు కాదు, ట్యాంకులోకి దూరే పద్ధతిని బట్టి వచ్చిన పేరు. నిట్టాడిలా పొడుగు, నవ్వితే షెడ్డంతా వినపడుతుంది. అందరికీ వాడంటే ముద్దు. వాడు బీడీ మానేస్తే గుంపంతా మానేసింది. వాడు మళ్ళీ మొదలెడితే గుంపంతా మొదలెట్టింది. వాడు తాడు కట్టుకోడు కాబట్టి ఎవడూ మనసు పెట్టి కట్టుకోడు. తాత బెంగంతా వాడిమీదే.

ఒకనాటి సాయంత్రం తాత స్టూలు కట్టుకుని చేప ఇంటికి వెళ్ళాడు. చేప భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పొట్టి మనిషి, నోరు మాత్రం ఆవిడ మొగుడంత పొడుగు. తాత స్టూలు దించుకుని గుమ్మంలో కూర్చుని నేలచూపులు చూశాడు.

“మనిషి మంచివాడమ్మా,” అన్నాడు. “పనిమంతుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఒక్క తాడే కట్టుకునేవాడు కాదు.”

“నేనిక్కడే ఉన్నాను బాబాయ్,” అన్నాడు చేప, నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి.

“ఉన్నావు నాయనా. అందుకే నీ ముందు చెప్పగలుగుతున్నాను. తర్వాత చెబితే నువ్వు వినవు.”

చేప భార్య మిషను ఆపలేదు. “ఇంతకీ ఎప్పుడంటారు బాబాయ్ గారూ? చేతినిండా కుట్టాల్సిన బట్టలున్నాయి. ముందే తెలిస్తే కొత్తవి ఒప్పుకోను.”

తాత పట్టు విడవలేదు. ఎక్కడికి వెళ్ళినా చివర్లో ఒక ప్రశ్న అడిగేవాడు, ఇక్కడా అదే అడిగాడు. తలెత్తి గోడకేసి చూశాడు. చేప తన ఎత్తుకి తగ్గట్టు, తన చేత్తో కొట్టుకున్న చెక్క అర ఒకటి పైకప్పుకి కాస్త కిందుగా ఉంది. దానిమీద డబ్బాలు.

“పై అరలోవి ఎవరు దించిపెడతారమ్మా, ఇకమీద?”

“కర్రతో పొడిచి పడగొట్టుకుంటాను,” అందామె. “ఒక్క సుఖం ఉంది బాబాయ్ గారూ. గురక ఉండదు.”

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పగలబడి నవ్వారట. తాత స్టూలు కట్టుకుని ఇంటికొచ్చి, “లాభం లేదు. ఆ కొంపలో ఓదార్చడానికి మనిషే లేదు,” అన్నాడు. మా నానమ్మ అన్నం వడ్డించింది.

ఈ ప్రశ్న తాత అన్ని ఇళ్ళలోనూ ఒకేలా అడిగేవాడు కాదు. అర లేని ఇంట్లో బిగుసుకున్న సీసా మూతలు ఇకమీద ఎవరు తీస్తారని, బల్లి కనపడితే ఎవరు తోలుతారని, పిల్లని భుజమెక్కించుకుని ఊరేగింపు ఎవరు చూపిస్తారని అడిగేవాడు. ఆ ఇంటి మగాడు చేసే చిట్టిపొట్టి పని ఏదో కూర్చున్నచోటే కనిపెట్టేవాడు. చేప భార్య నవ్వింది గాని, అందరూ నవ్వలేదు. కొందరు ఆడవాళ్ళు మొగుళ్ళని నిద్రపోనివ్వలేదు. మిగిలినవాళ్ళ ఇళ్ళలో అత్తగార్లు ఆ పని చూసుకున్నారు. చావుకి భయపడని మగాళ్ళు మా తాత గుమ్మంలోకి వస్తాడని భయపడి తాడు కట్టుకోవడం మొదలెట్టారు.

చేప కూడా కట్టుకున్నాడు. ఎలా కట్టుకున్నాడో చెప్పాలి. ఒక కొస నడుముకి బిగించి, మిగిలిన తాడంతా శుభ్రంగా చుట్టచుట్టి, భుజాన వేసుకుని, దానితో సహా ట్యాంకులోకి దిగాడు. తాత ట్యాంకు మూతిలోంచి తొంగిచూసి రెండో కొస ఏదిరా అని అడిగితే, “పైన ఉంటే నలుగురూ తట్టుకుని పడతారు బాబాయ్, ప్రమాదం కదా,” అన్నాడట లోపలినుంచి. ఆ రోజు తాత అన్నం కూడా తినలేదు.

అసలు ముప్పు పంపు నడిపేవాడి ఇంట్లో వచ్చింది. అతని తల్లి మెత్తటి మనిషి. తాత స్టూలు వేసుకుని, “మంచివాడమ్మా మీ అబ్బాయి,” అనగానే ఆవిడకి మిగిలినది వినే ఓపిక లేకపోయింది. గుండెలు బాదుకుంది. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. ఆ పక్కిళ్ళవాళ్ళ పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. ఎవరో పొరుగూళ్ళో ఉన్న బావమరిదికి ఫోను చేశారు, అతను పనికి సెలవు పెట్టి బస్సెక్కాడు. తాత మధ్యలో నిలబడి, ఇంకా జరగలేదమ్మా, జరుగుతుందేమోనని వచ్చానమ్మా అని మొత్తుకుంటుంటే, పాపం పెద్దాయనకి మతి చెదిరిందని ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

అంతలో పంపువాడు పని దిగి కూరగాయల సంచితో ఇంటికొచ్చాడు. ఇంటిముందు జనాన్ని చూసి వెనకవరసలో నిలబడ్డాడు. ఎవరండీ అని ముందున్నాయన్ని అడిగితే, ఆయన తిరక్కుండానే, పాపం ఈ ఇంటాయనేనట, చిన్నవయసు అన్నాడు. పంపువాడు సంచి కింద పెట్టి, కళ్ళు తుడుచుకోబోయి, అప్పుడు ఆలోచించాడు.

మర్నాడు బావమరిది ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చున్నాడు. మనిషి బతికే ఉన్నాడని సంతోషం ఒకవైపు, పెట్టిన సెలవు దండగైందన్న కోపం ఒకవైపు. రెండూ కలిపి మేనేజరు మీద చూపించాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆ బోర్డులూ పోటీలూ ఆయన పాట్లే. రాత్రుళ్ళు ఆయనకీ నిద్ర పట్టేది కాదని తాతే చెప్పేవాడు. తాతని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగానే చెప్పాడు. ఇకమీద పనివాళ్ళ ఇళ్ళకి స్టూలు పట్టుకుని వెళ్ళారని తెలిస్తే మేస్త్రీ పని మానుకోవాల్సిందే అన్నాడు. తాత వాదించలేదు. ఒక్కటి మాత్రం అడిగాడు.

“మరి వాళ్ళని ఎవరు కట్టిపడేస్తారు బాబూ?”

“నాకూ తెలీదు మేస్త్రీ గారూ,” అన్నాడట మేనేజరు.

ఇద్దరూ కాసేపు గోడమీది బోర్డుకేసి చూస్తూ కూర్చున్నారట. బోర్డుకి చొక్కా వేలాడుతోంది.

పరామర్శలు ఆగిపోగానే తాళ్ళన్నీ మళ్ళీ మేకులెక్కాయి. కుక్కతోకకి కట్టిన వెదురుబద్ద ఊడినట్టయింది. పైగా ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపి చేసే పెద్ద శుభ్రం దగ్గరపడింది. సోమవారం పొద్దున్న మొదలు. అన్ని ట్యాంకులూ ఒక ఎత్తు, చివరి షెడ్డులోని పెద్ద ట్యాంకు ఒక ఎత్తు. అందులో దిగితే మనిషి పైకి కనపడడు. దాన్ని ఎప్పుడూ చేపే కడుగుతాడు. ఈసారీ నేనే దిగుతాను, తాడు సంగతి నాకు చెప్పకండి, ఇల్లూ వాకిలీ ఉన్నవాణ్ణి, దూడని కాదు అని వాడు షెడ్డంతా వినపడేలా చెప్పాడు. అందరూ నవ్వారు.

తాత ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పరామర్శకి వెళ్ళలేని మనిషి పరామర్శకి వెళ్ళినవాళ్ళలా కూర్చున్నాడు. దానికి తోడు మోకాలు వాచింది. నిజంగా వాచిందో, వాచినట్టు కుంటాడో ఇప్పటికీ మా ఇంట్లో రెండు పక్షాలున్నాయి.

ఇక్కడ స్టూలు సంగతి ఇంకొకటి చెప్పాలి. పరామర్శలు మొదలవ్వకముందు నుంచీ, మాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ, ఆదివారం ఉదయం అది మా ఇంట్లో ఉండేది కాదు. తాతా ఉండేవాడు కాదు. అడిగితే చీట్లాటకని చెప్పేవాడు. చీట్లాటకి స్టూలెందుకని అడిగితే, అక్కడ కింద కూర్చోలేను అనేవాడు. మా నానమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, ఓడి వస్తారో గెలిచి వస్తారో, స్టూలు మాత్రం వెనక్కి తెండి అనేది. ఏ పండు కోయాలన్నా, బల్బు మార్చాలన్నా ఆదివారం పొద్దున్న మా ఇంట్లో కుదిరేది కాదు.

ఆ ఆదివారం తాత కుంటుకుంటూ చేప ఇంటిముందు ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు, మేనేజరుకిచ్చిన మాట తప్పలేదు. వీధిలోంచే పిలిచాడు. మోకాలు బాగోలేదు, ఒకచోట ఒక డబ్బా దించాలి, పొడుగువాడివి, కాస్త వస్తావా అన్నాడు. ఓదార్పు లేకుండా తాత నోటినుంచి వచ్చిన మొదటి మాట అదేనని చేప ఆశ్చర్యపోయి చొక్కా తగిలించుకున్నాడు.

తర్వాత జరిగింది చేపే మాకు చెప్పాడు.

రెండు వీధుల అవతల నున్నటి గచ్చు వేసిన చిన్న ఇల్లు. అందులో ఒక్కతే ఉండే పెద్దావిడ. తాత ఆవిడని అక్కా అన్నాడు, ఆవిడ తాతని తమ్ముడూ అంది. గోడకి, బాగా ఎత్తులో, ఒక చెక్క అర. దానిమీద పంచదార డబ్బా. చేప చెయ్యి చాపి డబ్బా అందుకుని కింద పెట్టాడు. ఇంతకేనా అనుకున్నాడు. తాత చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆవిడ టీ కలుపుతూ చేపని పైనుంచి కిందికి చూసి, “మా ఆయనా నీ అంతే పొడుగు,” అంది. “ఆ అర ఆయనే కొట్టాడు. తన ఎత్తుకి కొట్టుకున్నాడు, నేను అందుకోలేనని గుర్తురాలేదు. అడిగితే నేనున్నానుగా అన్నాడు.”

చేప తలెత్తి ఆ అరకేసి చూశాడు.

“మీ మేస్త్రీకి ముందు మేస్త్రీ ఆయనే. పెద్ద ట్యాంకులో పార జారిపడిందని, ఒక్క క్షణం పనని, తాడు లేకుండా ఊరికే దిగాడట. నాకు చెప్పమని ఈ తమ్ముడిని పంపారు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు పెగల్లేదు. నాకేం తెలుసు? ఏదో పనిమీద వచ్చాడనుకున్నాను. ఆయన వచ్చేసరికి ఆలస్యమయ్యేట్టుంది, ఆ డబ్బా కాస్త దించయ్యా అన్నాను. పొట్టివాడు కదా, పక్కింట్లో స్టూలు అడిగి తెచ్చి, ఎక్కి, దించి నా చేతికిచ్చి, అప్పుడు చెప్పాడు.”

టీ గ్లాసు చేప చేతికిచ్చింది. పెరట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“అప్పటినుంచీ ప్రతి ఆదివారం స్టూలు తెచ్చుకుని వస్తాడు డబ్బా దించడానికి. నేను పంచదార మానేసి చాలాకాలమైంది బాబూ. ఆ డబ్బా వారమంతా ఈ పొయ్యి పక్కనే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే పక్కింటి డ్రైవరుని పిలిచి పైన పెట్టిస్తాను. పాపం, స్టూలు మోసుకుని వచ్చినవాడికి దించడానికి ఏదో ఒకటి ఉండొద్దూ? తమ్ముడితో అనకు.”

అనను అన్నాడు చేప.

“ఇంతకీ నువ్వేం పని చేస్తావు?”

“ట్యాంకులు కడుగుతానమ్మా.”

ఆవిడ టీ గిన్నె పక్కన పెట్టి వాడివైపు తిరిగింది. ఏడుస్తుందేమోనని చేప భయపడ్డాడు. తిడుతుందేమోనని కూడా భయపడ్డాడు. ఆవిడ ఏ రెండూ చెయ్యలేదు. మామూలుగా, ఇల్లెక్కడ అని అడిగినట్టు అడిగింది.

“మీ ఇంట్లో అర ఎంత ఎత్తులో ఉంది?”

తాత చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి, చేప టీ గ్లాసు ముట్టుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చిన తాత, “లాభం లేదు. వాడు టీ కూడా తాగలేదు. రేపు దిగుతాడు,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పెద్ద ట్యాంకు మూత తీశారు. గుంపంతా చుట్టూ చేరింది, చేప దూకుడు చూడటానికి. వాడు వచ్చాడు. ఫ్యాను పెట్టమన్నాడు. ఎవరో నవ్వారు. గాలి బాగా తిరిగేదాకా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు లేచి, మేకుకున్న తాడు తీసి నడుముకి రెండు చుట్లు బిగించి, ఇంకో కొస పంపువాడి చేతిలో పెట్టాడు. ఒకసారి చచ్చి బతికినవాడు కదా, వాడికైతే విలువ తెలుస్తుందనుకున్నాడేమో.

“గట్టిగా పట్టుకో,” అన్నాడు. “మా ఇంట్లో అర ఎత్తుగా ఉంది.”

ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, చేప కట్టుకున్నాడు కాబట్టి అందరూ కట్టుకున్నారు. దూడ అన్నవాడు లేడు. పైన నిలబడ్డవాడిని సోమరి అన్నవాడు లేడు, ఆ నిలబడ్డవాడు టీకి వెళ్ళనూ లేదు, టీయే వాడి దగ్గరికి వచ్చింది. తర్వాత్తర్వాత ఆ మాట షెడ్డులో ఊతపదమైపోయింది. ట్యాంకులోకి దిగేవాడు తాడు అందిస్తూ, అర ఎత్తుగా ఉందిరా అంటాడు. ఇంట్లో అరే లేనివాడు కూడా అంటాడు.

పెద్ద ట్యాంకు శుభ్రమైంది. చేప మడ్డితో నల్లగా పైకి వచ్చి, తాడు విప్పి, నవ్వాడు. ఏమీ జరగలేదు. మా తాత జీవితమంతా కోరుకున్నది అదే, ఏమీ జరగకపోవడం. అది జరిగిన రోజున ఆయన ఇంటికొచ్చి ఇంకా కుంగిపోయాడు. బోర్డు చెప్పినా వినలేదు, నేను చెప్పినా వినలేదు, వాడెవడో కట్టుకుంటే కట్టుకున్నారు, ఇన్నేళ్ళూ నేను ఎవరిని పరామర్శించినట్టు అన్నాడు. చివర్లో లాభం లేదు అని కలిపాడు, అలవాటు కొద్దీ.

ఆ వారం చివర్లో, శనివారం సాయంత్రం, మా ఇంటిముందు ఒక సైకిల్ ఆగింది. వెనక కొత్త స్టూలు కట్టి ఉంది. చేప దాన్ని విప్పి, గుమ్మంలో వేసుకుని, పొడుగాటి కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేలచూపులు చూశాడు.

“మనిషి మంచివాడు పిన్నీ,” అన్నాడు మా నానమ్మతో. “ఎంతమందికో తాడు కట్టాడు. తను మాత్రం ముసలి మోకాళ్ళతో స్టూలెక్కేవాడు. కింద ఎవరినీ పట్టుకోమనేవాడు కాదు.”

“నేనిక్కడే ఉన్నానురా,” అన్నాడు తాత.

“ఉన్నావు బాబాయ్. అందుకే నీ ముందు చెప్పగలుగుతున్నాను.” మళ్ళీ నానమ్మవైపు తిరిగాడు. “ఆదివారాలు ఈయన స్టూలు ఎక్కడికి పోతుందో మీకు తెలుసా పిన్నీ?”

తాత మొహం పాలిపోయింది. చీట్లాటకి అన్నాడు, గొంతులోనే.

మా నానమ్మ కుడుతున్న బట్ట పక్కన పెట్టింది. లేచి మూలనున్న పాత స్టూలు తెచ్చి అందరిముందూ బోర్లించింది. నాలుగు కాళ్ళ అడుగునా నాలుగు రబ్బరు ముక్కలు, చిన్న మేకులతో కొట్టి ఉన్నాయి. ఆవిడ పాత చెప్పుల్లోంచి కోసినవి. ఒకటి అరిగి సగమైంది, పక్కనే కొత్తగా కొట్టింది నిగనిగలాడుతోంది.

“అరిగినప్పుడల్లా మారుస్తున్నాను,” అంది. “అక్కయ్యగారింట్లో గచ్చు నున్నటిది. ఈయనకి చెప్తే వింటారా?”

ఫ్యాక్టరీలో ప్రతి తాడు ముడీ లాగి చూసే మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన స్టూలు అడుగున చూసుకోలేదు. వంగి ఒక్కో రబ్బరు ముక్కా వేలితో తడిమాడు. లాభం లేదు అనబోయి, ఎందుకో ఊరుకున్నాడు.

మర్నాడు ఆదివారం. పెద్దావిడ ఇంట్లో డబ్బా దించే సమయానికి చేప కూడా వెళ్ళాడు. చెయ్యి చాపితే వాడికి అందే డబ్బాయే. వాడు చెయ్యి చాపలేదు. తాత స్టూలెక్కాడు. ఎక్కే ముందు చేప ఆయన నడుముకి ఒక తాడు బిగించి, రెండో కొస పెద్దావిడ చేతిలో పెట్టి, తను రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు.

“దూడలా ఉన్నాను కదురా,” అన్నాడు తాత పైనుంచి.

“ఉన్నావు బాబాయ్,” అన్నాడు చేప. “కదలకు. అర ఎత్తుగా ఉంది.”